మీకు తెలుసా? గీత పడ్డాకే నల్లబడే సిరా!

గీత, ఆకారం, రంగు, వెలుగునీడలు, నునుపు-గరుకులు, ఖాళీ జాగా... బొమ్మకు ఇవే ముడిసరుకులు. బట్టపై కలంతో బొమ్మలు గీసే శ్రీకాళహస్తి కలంకారీలో పెద్దపీట గీతదే.

• వెదురు పుల్ల మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. గుడ్డను వేళ్లతో నొక్కితే సిరా మొనకు దిగుతుంది.

• తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే సిరా తయారవుతుంది. కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన బట్టను తాకగానే అది నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలవడమే అందుకు కారణం.

• పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు. అందుకే గీత అంత తీరుగా నిలుస్తుంది.

• ఎరుపు కావాలంటే ముందు పటిక నీళ్లు పూయాలి. బట్టను రంగు నీళ్లలో ఉడికించినప్పుడు, పటిక ఉన్నచోటే రంగు పట్టుకుంటుంది.