బీరువా నిండా బట్టలే... కట్టుకోవడానికే లేవు!

తలుపు తెరిస్తే మీద పడేటన్ని చీరలు, కుర్తీలు. అయినా ఆఫీసు వేళకు ‘ఈరోజు ఏం వేసుకోవాలి?’ అన్న ప్రశ్న మామూలే. ఆ చిక్కు విప్పడమే పర్సనల్ స్టైలిస్టుల పని. వాళ్లు షాపింగ్ సంచులతో వస్తారనుకుంటే పొరపాటే. అసలు పనంతా ఇంట్లో ఉన్న బీరువా దగ్గరే మొదలవుతుంది.

సోమవారం. ఉదయం ఎనిమిది గంటలు. ప్రసూతి సెలవు ముగించుకుని ఆరోజే మళ్లీ బ్యాంకులో అడుగుపెట్టాల్సిన ఓ ఉద్యోగినిని ఊహించుకోండి. పాపాయికి పాలు పట్టి, అమ్మమ్మ చేతికిచ్చి బీరువా తెరిచింది. ఎంతో ఇష్టమైన నీలం చీర తీసింది. దాని జాకెట్టు చేతుల దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి తీసింది... హుక్కులు పడలేదు. కుర్తీ ఒకటి పట్టింది కానీ దానికి ముందు గుండీలు లేవు, మధ్యాహ్నం పాలు పిండుకోవడం కష్టం. పావుగంటలో మంచం మీద బట్టల గుట్ట పేరుకుంది. చివరికి రంగు వెలిసిన పాత చుడీదారే దిక్కయింది. ‘లావైపోయాను, నాకేదీ నప్పడం లేదు’ అనుకుంటూనే గడప దాటింది.

2017లో చేసిన చట్ట సవరణతో మనదేశంలో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. బిడ్డ దగ్గర గడిపేందుకు తల్లికి కాస్త వ్యవధి దొరికింది. కానీ తిరిగి ఉద్యోగంలో చేరేనాటికి ఒళ్లు మారి ఉంటుంది. బీరువా మాత్రం ఏడాది కిందటి మనిషి కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది! తల్లి అయినవారికే కాదు... ప్రమోషన్ వచ్చినవాళ్లకీ, నలభై దాటినవాళ్లకీ, జబ్బు చేసి కోలుకున్నవాళ్లకీ ఇదే అనుభవం. మంచి స్టైలిస్టు చెప్పే మొదటి మాట ఒకటే: తప్పు ఒంటిది కాదు, కొలతది. కొలత మార్చుకోవచ్చు.

అద్దం ముందు నిజం చెప్పేవాళ్లు

ఈ వృత్తికి పేరు తెచ్చినవారిలో బెట్టీ హాల్‌బ్రైక్ ఒకరు. న్యూయార్క్‌లోని బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ దుకాణంలో 1976లో ఆమె ఈ సేవ మొదలుపెట్టారు. నప్పని దుస్తుల్ని నప్పలేదని కొనేవాళ్ల మొహం మీదే చెప్పడం ఆమె ప్రత్యేకత. 2024లో 96వ ఏట కన్నుమూశారు. అటు లండన్‌లో సూజీ ఫాక్స్ అనే దుకాణ యజమాని 1970ల్లో ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్’ అన్న ఆలోచనకు ప్రాచుర్యం తెచ్చారు. ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి మంచి దుస్తులుంటే చాలన్నది దాని సారం. 1985లో డిజైనర్ డోనా కరన్ ‘సెవెన్ ఈజీ పీసెస్’ పేరుతో ఉద్యోగినుల కోసం తెచ్చిన దుస్తులదీ అదే దారి.

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట అనిపించొచ్చు. కానీ 1997లో న్యూయార్క్‌లోనే నాన్సీ లబ్లిన్, ముత్తాత నుంచి వారసత్వంగా వచ్చిన ఐదు వేల డాలర్లతో ‘డ్రెస్ ఫర్ సక్సెస్’ సంస్థ పెట్టారు. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లే పేద మహిళలకు తగిన దుస్తులు ఉచితంగా ఇవ్వడం దాని పని. పూట గడవడమే కష్టమైన మనిషికి ఓ మంచి సూటు విలాసం కాదు, ఉద్యోగానికి దారి అని వాళ్లు గుర్తించారు.

ముందు మాటలు... తర్వాతే బట్టలు

స్టైలిస్టు ఇంటికి రాగానే బీరువా తెరవరు. ప్రశ్నలు వేస్తారు. ఆఫీసుకు బస్సులో వెళతారా, స్కూటీ మీదా? రోజంతా కూర్చునే పనా, తిరిగే పనా? గదిలో ఏసీ ఉంటుందా? చీరే కట్టాలన్న నియమం ఉందా? గంజి పెట్టి ఇస్త్రీ చేసేది ఎవరు? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ సగం బీరువా భవిష్యత్తు దాని మీదే ఆధారపడుతుంది. గంజి పెట్టిన నేత చీర ఎంత హుందాగా ఉన్నా, పెట్టే తీరిక లేని ఇంట్లో అది అల్మారాకే అందం. స్కూటీ నడిపేవాళ్లకు గాలికి ఎగిరే పొడవాటి చున్నీ ప్రమాదం కూడా. బాలింతకైతే ముందు గుండీలున్న నూలు కుర్తీలు, పాలు కారినా తడి కనపడనివ్వని ముదురు రంగుల ప్రింట్లు అన్నిటికంటే ముందు కావాలి.

మంచం మీద మూడు గుట్టలు

ఆ తర్వాత బీరువా ఖాళీ చేస్తారు. ప్రతిదీ వేసుకుని అద్దంలో చూసుకోవాల్సిందే. కూర్చుని, వంగి, చెయ్యి పైకెత్తి చూడాలి. వేసుకోగానే సరిపోయి, సుఖంగా ఉన్నవి ఒక గుట్ట. బాగు చేయిస్తే పనికొచ్చేవి రెండోది. ఇక వద్దనుకున్నవి మూడోది.

చిక్కంతా ‘సన్నబడ్డాక వేసుకుంటా’ అనే బట్టలతోనే. వాటిని పారేయమని అనుభవమున్న స్టైలిస్టులు చెప్పరు. ఓ పెట్టెలో సర్ది మంచం కింద పెట్టమంటారు. రోజూ పొద్దున్నే బీరువా తెరవగానే అవే కనపడి వెక్కిరించకుండా ఉంటే చాలు. పెళ్లిచీర, అమ్మ ఇచ్చిన పట్టుచీర లాంటివి అసలు లెక్కలోకే రావు. వాటి అర వేరు.

టైలరు దగ్గరికి ఓ సంచి

మన జాకెట్లకు ఒక సౌకర్యం ఉంది. మంచి టైలరు పక్క కుట్ల లోపల కొంత గుడ్డ అదనంగా వదిలి కుడతాడు. ఒక కుట్టు విప్పితే జాకెట్టు వదులవుతుంది. ‘ఇక పట్టదు’ అనుకున్న నాలుగైదు జాకెట్లు అలా మళ్లీ వాడుకలోకి వస్తాయి. కుర్తీ పొడవు తగ్గించడం, చేతులు వదులు చేయడం, ఊడిన హుక్కులు, లేచిపోయిన ఫాల్... అన్నీ కాగితం మీద రాసి ఒకేసారి ఇస్తే కొత్త డ్రెస్సు ఖర్చులో పదింటికి ప్రాణం పోయొచ్చు.

మిగిలినవాటిని కలిపి చూడటం తర్వాతి పని. మూడు కుర్తీలు, వాటన్నిటికీ నప్పే మూడు ప్యాంట్లు ఉంటే తొమ్మిది జతలు. ప్రతి చీరకూ దాని జాకెట్టే వేయాలన్న పట్టింపు వదిలేస్తే నలుపు, మెరూన్, ముదురాకుపచ్చ, గోధుమరంగు జాకెట్లు నాలుగుతోనే బోలెడు చీరలు నడిచిపోతాయి. కుదిరిన ప్రతి జతనూ ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకుంటే పొద్దున్న వెతుకులాట ఉండదు.

కొనేది చివర్లోనే...

ఇంత జరిగాకే కొనాల్సినవాటి జాబితా. ఇక్కడో లెక్క ఉంది. ఆరువేల రూపాయల చీర ఆరుసార్లే కట్టారనుకోండి, కట్టినప్పుడల్లా వెయ్యి ఖర్చయినట్టు. పదిహేను వందల నూలుచీర యాభైసార్లు కడితే ఒక్కసారికి ముప్ఫై రూపాయలే! ఈ లెక్కలో మన చేనేత ముందుంటుంది. నిజాం అంచు మంగళగిరి నూలుచీర సాదాగా, హుందాగా ఉంటుంది. పలచటి వెంకటగిరి ఎండాకాలానికి హాయి. గళ్ల నారాయణపేట రోజువారీకి నప్పుతుంది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఉండే గద్వాల అయితే పగలు మీటింగుకూ సాయంత్రం పేరంటానికీ సరిపోతుంది.

ఆ బ్యాంకు ఉద్యోగిని దగ్గరికే మళ్లీ వద్దాం. రెండువారాల తర్వాత ఓ ఆదివారం సాయంత్రం. బీరువాలో బట్టలు సగమయ్యాయి. వారానికి సరిపడా ఐదు జతలు వరసగా హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. కొన్నది ఒక్క కుర్తీ. నీలం చీర జాకెట్టు కుట్టు విప్పించుకుని తిరిగొచ్చింది. సోమవారం ఎనిమిదింటికి ఆవిడ అద్దం ముందు గడిపేది ఐదు నిమిషాలే. మిగిలిన పావుగంటా పాపాయిది!

స్టైలిస్టు లేకుండానే...

* అక్కనో, నిజం చెప్పే స్నేహితురాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. ‘అన్నీ బాగున్నాయి’ అనేవాళ్లు వద్దు.

* ఒకేరోజు అంతా సర్దాలనుకోకండి. ఈ ఆదివారం చీరలు, వచ్చే ఆదివారం కుర్తీలు.

* హ్యాంగర్లన్నీ ఒకవైపు తిప్పి పెట్టండి. వేసుకున్నదాన్ని రెండోవైపు తిప్పండి. మూడునెలల తర్వాత కదలనివేవో తెలిసిపోతాయి.

* కాన్పయిన కొత్తలో ఎక్కువ కొనొద్దు. ఒళ్లు ఇంకా మారుతుంది. మూడు నాలుగు జతలు చాలు.

* టైలరుకు కొత్త కొలతలివ్వండి. పాత జాకెట్టు ఆది ఇవ్వడం దగ్గరే తిప్పలన్నీ మొదలవుతాయి.