మేస్తూనే చిక్కిపోయే జబ్బు

అమ్మ జింక అంటుంది, నాన్న జింకె అంటారు. ఇటు బళ్ళారి చేలల్లోనూ అటు కర్నూలు వైపూ తిరిగే కృష్ణజింకకు భాషతో, సరిహద్దుతో పనిలేదు. జబ్బులకూ అంతే.

జోన్స్ వ్యాధి అని ఒకటుంది. 1895లో జర్మనీలో యోనె అనే పశువైద్య శాస్త్రవేత్త, ఫ్రాథింగ్‌హామ్‌తో కలిసి ఒక ఆవు పేగులో దీన్ని గుర్తించారు. క్షయ క్రిమికి దాయాది లాంటి బాక్టీరియా ఇది. పేగు గోడ మందమెక్కి, తిన్నది ఒంటికి పట్టదు. ఆకలి మాత్రం ఉంటుంది! ఆవులైతే పారుకుంటాయి, గొర్రెలు చాలాసార్లు ఊరికే ఎండిపోతాయి. పిల్లప్పుడు అంటుకుంటుంది, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఈలోపు పేడలో క్రిములు పడుతూనే ఉంటాయి, నీడపట్టున ఏడాది దాకా బతుకుతాయి. నయం చేసే మందు లేదు.

ఇది అడవి జంతువులకూ వస్తుంది. కాలిఫోర్నియాలోని పాయింట్ రేయస్‌లో 1978లో పది ఎల్క్ దుప్పులను వదిలారు. అది అంతకుముందు ఆవులు మేసిన నేల. కొన్నేళ్లకే వాటిలో ఈ జబ్బు కనిపించింది.

మన దగ్గరా అలాంటి దారి ఉంది. కోతలయ్యాక ఎరువు కోసం మా చేలో గొర్రెల మంద కట్టిస్తాం. మంద వెళ్లాక అక్కడే జింకలు మేస్తాయి. పోయినేడు మందలో ఒక గొర్రె బాగా చిక్కింది. కాపరి మామ నట్టల మందు తాగించాడు. తగ్గలేదు. సంతలో అమ్మేశాడు, అంటే ఇంకో మందలోకి పంపాడన్నమాట. అది ఈ జబ్బేనని కాదు, పరీక్షే చేయించలేదు కదా.

మథుర దగ్గరి మేకల పరిశోధన సంస్థ దీనికి టీకా తయారుచేసింది. ఈసారి మంద వచ్చినప్పుడు మామతో అన్నాను, అమ్మేముందు నాలుగు పెంటికలు పశువుల ఆసుపత్రిలో చూపించమని. నవ్వాడు, కానీ ఆసుపత్రి ఎన్నింటికి తెరుస్తారని అడిగాడు.