రోజుకు 25 గంటలు



"ఇవాళ ఏం వండను?" అని మీరు అడగని రోజు, "ఇవాళ ఏం వండావు?" అని మిమ్మల్ని ఎవరూ అడగని రోజు ఈమధ్య ఎప్పుడైనా వచ్చిందా? కాస్త ఆలోచించి చూడండి. పండక్కి పుట్టింటికి వెళితే వదినగారికి వంటింట్లో సాయం చెయ్యాలి. తిరుపతి వెళితే పులిహోర, దద్దోజనం మూట మనమే కట్టాలి. పోనీ ఊటీ వెళ్ళినా సరే, ఎవరి స్వెట్టరు ఎక్కడుందో, ఎవరి మందుబిళ్ళ ఏ సంచీలో ఉందో మనకే తెలియాలి. సెలవంటే ఇంట్లో తక్కినవాళ్ళకు పని మానటం, మనకు మాత్రం పనిచేసే చోటు మారటం. అంతేగా?

అందుకని ఈరోజు ఒక చిత్రమైన సెలవు గురించి చెప్పుకుందాం. భార్యాభర్తలిద్దరూ ఓడ ఎక్కి అట్లాంటిక్ మహాసముద్రం దాటే ప్రయాణం అది. "మనకెందుకమ్మా అంత గొప్ప ప్రయాణాలు!" అని కొట్టిపారేయకండి. మనలో వెళ్ళగలిగేవాళ్ళు కొందరే కావచ్చు. కాని మనిషికి విశ్రాంతి అనేది ఎలా దొరుకుతుందో ఆ ఓడను చూస్తే బాగా తెలుస్తుంది.

ఇంగ్లండు దక్షిణ తీరాన సౌతాంప్టన్ అనే రేవు ఉంది. అక్కడి నుంచి అమెరికాలోని న్యూయార్కుకు సముద్రం మీద రమారమి 5,800 కిలోమీటర్లు. విమానంలో అయితే ఏడెనిమిది గంటలు. ఓడలో మామూలుగా ఏడు రాత్రులు. గంటకు 35, 40 కిలోమీటర్ల వేగం, అంటే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మన సిటీబస్సు వెళ్ళే వేగమన్నమాట! ఈ దారిలో నేటికీ ఏటేటా క్రమం తప్పకుండా తిరుగుతున్న పెద్ద ఓడ 'క్వీన్ మేరీ 2'. ఫ్రాన్సులో కట్టిన ఈ ఓడ 2004 జనవరిలో మొదటి ప్రయాణం చేసింది. పొడవు 345 మీటర్లు. ప్రయాణీకులు 2,600 మందికి పైగా పడతారు. వాళ్ళకు సేవ చెయ్యడానికి సుమారు 1,200 మంది సిబ్బంది. ఇంచుమించు ఇద్దరికి ఒక మనిషి చొప్పున ఉన్నట్టు. మన ఇంట్లో లెక్క ఇందుకు తలకిందులు. అయిదుగురికి కలిపి ఒక్కతే మనిషి!

విహార నౌకలు వేరు, ఈ ఓడ వేరు. విహార నౌక తీరం వెంబడి నెమ్మదిగా పోతూ రోజుకో ఊళ్ళో ఆగుతుంది. మహాసముద్రం దాటటానికే కట్టిన ఈ ఓడను లైనర్ అంటారు. దీని ముందుభాగం పొడుగ్గా, కత్తిలా కోసుగా ఉంటుంది. అడుగుభాగం నీళ్ళలోకి 10 మీటర్ల లోతు దిగి ఉంటుంది. ఉక్కు మందం ఎక్కువ. అలల్ని చీల్చుకుంటూ పోవాలి కదా మరి.

ఇదంతా ఇప్పటి సంగతి. వెనకటికి ఈ సముద్రం దాటటమంటే ప్రాణాలు అరచేత పెట్టుకోవటమే. 1840లో శామ్యూల్ కునార్డ్ అనే ఆయన లివర్‌పూల్ నుంచి అమెరికాకు ఆవిరి ఓడలతో టపా సర్వీసు మొదలుపెట్టాడు. మొదటి ఓడ పేరు 'బ్రిటానియా'. అది కొయ్య ఓడ. తాజా పాల కోసం ఓడ మీద ఆవును కూడా తీసుకుపోయేవారట! 1842 జనవరిలో ఆ ఓడలోనే ఒక దంపతులు బయలుదేరారు. ఆయన ప్రఖ్యాత నవలారచయిత చార్లెస్ డికెన్స్, ఆమె ఆయన భార్య కేథరిన్. నలుగురు పిల్లల్ని లండన్‌లో వదిలి వెళ్ళాలి. ఆఖరివాడికి ఇంకా ఏడాది నిండలేదు. ప్రయాణం మాట ఎత్తితే చాలు, ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకునేదట. వెళ్ళాలన్న ఉత్సాహం ఆయనది, దిగులు ఆమెది. దారిలో తుఫాన్లు. గది అగ్గిపెట్టె అంత. కడుపులో తిప్పటంతో ఇద్దరూ మంచాలకు అతుక్కుపోయారు. 18 రోజులు అలా గడిచాక గాని బోస్టన్ కనిపించలేదు. తిరుగు ప్రయాణానికి వాళ్ళు ఆవిరి ఓడే వద్దని తెరచాప ఓడ ఎక్కారంటే ఎంత విసిగిపోయారో చూడండి.

మన వాళ్ళ కథ మరీ బరువైనది. భీమవరంలో పుట్టిన మహా శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో ఓడ మీద అమెరికా చేరారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన ఎన్నో మందులకు కారకుడై, 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. ఈ మధ్యలో ఒక్కసారీ తిరిగి రాలేదు. ఆ రోజుల్లో సముద్రం భార్యాభర్తల్ని విడదీసేది. ఇప్పుడు అదే సముద్రం మీదికి, ఇద్దరూ కాసేపు కలిసి ఉండటానికని డబ్బిచ్చి మరీ వెళుతున్నారు. కాలమహిమ అంటే ఇదే!

ఈ మార్పు ఎలా వచ్చింది? 1958 అక్టోబరులో జెట్ విమానాలు ప్రయాణీకులతో అట్లాంటిక్ దాటటం మొదలుపెట్టాయి. ఓడ అవసరం తీరిపోయింది. ఒక్కొక్క ఓడే మూలబడింది. తొందర ఉన్నవాళ్ళంతా విమానం ఎక్కగా, ఓడకు మిగిలింది తొందర లేనివాళ్ళు. అందుకే ఓడ విశ్రాంతి స్థలమయింది.

ఇక అసలు విశేషానికి వద్దాం. ఈ ఓడ మీద, ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్ళేటప్పుడు, రోజుకు 25 గంటలు! హాస్యం కాదు సుమండీ. భూమి 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది గదా, అంటే గంటకు 15 డిగ్రీలు. సౌతాంప్టన్‌కు, న్యూయార్కుకు నడుమ రమారమి 73 డిగ్రీల దూరం ఉంది. అందుచేత ఆ రెండు ఊళ్ళ గడియారాలకు మామూలుగా అయిదు గంటల తేడా. ఇక్కడ ఉదయం పది అయితే అక్కడ తెల్లవారుజామున అయిదు. విమానంలో వెళితే ఈ అయిదు గంటలూ ఒక్కసారే నెత్తిన పడతాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు వస్తుంది. ఓడలో అలా కాదు. ఏడు రాత్రుల్లో అయిదు రాత్రులు గడియారం ముల్లు గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. శరీరానికి తెలియకుండానే సర్దుబాటు అయిపోతుంది. పొద్దున్నే ఒక గంట అదనంగా నిద్ర! అటునుంచి ఇటు వస్తే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఆ రోజులకు 23 గంటలే. కాబట్టి విశ్రాంతి కోసం వెళ్ళేవాళ్ళు పడమటికి వెళ్ళే ఓడ ఎక్కటం మేలు.

ఇంతకూ ఆ ఏడు రోజులూ చేసేదేమిటి? చూడటానికి నీళ్ళు తప్ప ఏమీ లేవు. దారిలో ఊరు రాదు. బజారు లేదు. చుట్టాలు లేరు. పెద్ద గ్రంథాలయం ఉంది, నాట్యశాల ఉంది, నక్షత్రాలు చూపించే ప్లానిటేరియం కూడా ఉంది. ఓడ చుట్టూ డెక్కు మీద నడవటానికి దారి ఉంది. ఒక చుట్టుకు సుమారు 600 మీటర్లు. వేళకు భోజనం. పక్క ఎవరో సర్దుతారు. తువ్వాళ్ళు ఎవరో మారుస్తారు. గ్యాసు అయిపోతుందేమో, పాలు పొంగిపోతాయేమో, పనిమనిషి రాదేమో అన్న ధ్యాస ఉండదు. మనల్ని అలసిపోయేలా చేసేది చేతిపని ఒక్కటే కాదండీ. పొద్దున లేచిన దగ్గర్నుంచి మనసులో తిరుగుతుండే ఈ లెక్కల జాబితా ఉందే, అది ఎక్కువ. ఓడ మీద ఆ జాబితా ఉండదు. అదే అసలైన సెలవు.

అయితే ఒక హెచ్చరిక. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినా, ఏడు రోజులు ఒకే చిన్న గదిలో, పిల్లలు లేకుండా, పని లేకుండా ఎదురెదురుగా కూర్చోవటం చాలామందికి కొత్తే. మొదటి రెండు రోజులు మాటలు తోచవు. "పెద్దాడు ఫోను చేశాడా?", "ఇంటి అద్దె వచ్చిందా?" అన్నవి అయిపోయాక నిశ్శబ్దం. కంగారు పడకండి. ఇరవై నాలుగు గంటలూ అంటిపెట్టుకుని తిరగాలని నియమమేమీ లేదు. ఆయన పేకాటకో పేపరుకో వెళ్ళనివ్వండి. మీరు కిటికీ పక్కన పుస్తకం పట్టుకు కూర్చోండి. సాయంత్రం డెక్కు మీద కలిసి నడవండి. మాటలు వాటంతట అవే వస్తాయి. ఒక్క షరతు మాత్రం ముందే పెట్టండి. ఆయన కళ్ళజోడు, ఆయన మాత్రలు ఆ వారం రోజులు ఆయనే వెతుక్కోవాలి!

ఇప్పుడు కొన్ని పనికొచ్చే సంగతులు.

కడుపులో తిప్పటం ఎందుకు వస్తుందంటే, లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, గదిలో గోడను చూస్తున్న కన్ను "లేదు" అంటుంది. ఆ తగాదాయే వికారం. పైకి వచ్చి దూరాన నింగి, నీరు కలిసే గీత వంక చూస్తే తగాదా తీరుతుంది. గది ఎంచుకునేటప్పుడు ఓడ నడుమ, కింది అంతస్తులో తీసుకోండి. ఏతం చూశారుగా, రెండు కొసలూ లేచి పడుతుంటాయి, నడుమ నిలకడగా ఉంటుంది. ఓడా అంతే. ఓడ అటూ ఇటూ ఒరగకుండా నీటి అడుగున రెక్కలు కూడా ఉంటాయి. అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి. బి.పి., షుగరు మందులు వాడేవాళ్ళు వాంతుల బిళ్ళ డాక్టరు నడిగే తీసుకోవాలి.

"టైటానిక్ మునిగిపోయింది గదా!" అంటారేమో. అది 1912 ఏప్రిల్‌లో. దాని దరిమిలా 1914లో పలు దేశాలు కూర్చుని ఓడల భద్రతకు నిబంధనలు చేశాయి. మంచుకొండల్ని కనిపెట్టి చెప్పే గస్తీ కూడా ఏర్పడింది. నేడు ఓడలో ఉన్న ప్రతి మనిషికీ ప్రాణరక్షణ పడవల్లో చోటుండాలి. బయలుదేరే ముందే ప్రయాణీకులందరికీ కసరత్తు చేయిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడ చేరాలో నేర్పుతారు. బద్ధకించకుండా వెళ్ళి నేర్చుకోండి.

సౌతాంప్టన్ నుంచి వెళ్ళే మన దేశస్థులకు బ్రిటన్ వీసా, అమెరికా వీసా రెండూ కావాలి. శాకాహారులైతే టిక్కెట్టు కొన్నప్పుడే రాసి చెప్పాలి. రాత్రి భోజనానికి కొన్ని రోజులు దుస్తుల నియమం ఉంటుంది. ఆయన సూటు కోసం తంటాలు పడతారేమో గాని, మన పట్టుచీర ఎక్కడైనా రాజఠీవే. డెక్కు మీద వేసవిలోనూ చలిగాలి ఉంటుంది, శాలువా మరవకండి. భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడగటం తప్పనిసరి. వేలమంది ఒక్కచోట ఉంటారు గనుక వాంతులు, విరేచనాలు తేలిగ్గా అంటుకుంటాయి.

ఖర్చు విషయానికి వస్తే, ధర ఒక మనిషికి ఇంత అని చెప్పినా, అది గదికి ఇద్దరన్న లెక్క మీద. సర్వీసు చార్జీ, ఓడ డాక్టరు ఫీజు, నడిసముద్రంలో ఫోను, ఇవన్నీ వేరే. ఆరోగ్య బీమా లేకుండా వెళ్ళకండి. కాస్త చవకగా కావాలంటే ఇంకో దారి ఉంది. చలికాలం కరీబియన్ దీవుల్లో, వేసవిలో మధ్యధరా సముద్రంలో తిరిగే విహార నౌకలు ఏడాదికి రెండుసార్లు అట్లాంటిక్ దాటాలి. ఏప్రిల్ ప్రాంతంలో ఇటు, అక్టోబరు, నవంబరుల్లో అటు. ఖాళీగా పోవటమెందుకని ఆ ప్రయాణాలకు తరచు ధర తగ్గిస్తారు. రెండు వారాల దాకా పట్టే ఈ దారిలో మదీరా, అజోర్స్ వంటి దీవుల్లో ఆగటం కూడా ఉంటుంది.

మన తెలుగువాళ్ళలో ఎందరో తల్లిదండ్రులు పిల్లల కోసం అమెరికా వెళుతున్నారు. కూతురి పురుడికో, మనవణ్ణి చూసుకోవడానికో వెళ్ళి, ఆర్నెల్లు అక్కడి వంటింట్లో గడిపి వస్తున్నారు. అది ప్రేమతో చేసే పనే, కాదనను. కాని వెళ్ళే దారిలో ఒక్క వారం మీ ఇద్దరికోసం ఉంచుకోగలిగితే, పిల్లలే ఆ టిక్కెట్టు కొనిస్తామంటే, "ఎందుకురా దండగ" అనకండి.

వెళ్ళలేనివాళ్ళ మాటేమిటంటారా? ఓడలో ఆ ఇరవై అయిదో గంట ఊరికే రాదు. ఎవరో ముల్లు వెనక్కి తిప్పితేనే వస్తుంది. మన ఇంట్లో గడియారానికి ఆ సదుపాయం లేదు గనుక, మన గంట ఎవరో ఒకరు పని అందుకుంటేనే మనకు దక్కుతుంది. రేపు ఆదివారం సాయంత్రం వంట ఆయనకూ పిల్లలకూ అప్పగించి చూడండి. ఉప్పు ఎక్కువైనా పరవాలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే మాత్రం లేవకండి, కూర్చున్నచోటి నుంచే చెప్పండి.