మామిడి తోటల్లో పెట్రోలు కలుపు యంత్రాలు: పని లేని కాలంలో సంరక్షణ

తిరుపతి నుండి పుత్తూరు వెళ్లే దారిలోని వడమాలపేట పరిసరాల్లో మామిడి తోటల కలుపు తీయడానికి బ్రష్ కట్టర్లు, చిన్న పవర్ వీడర్ల వాడకం సాధారణమైంది. కూలీల కొరత ఇందుకు ఒక కారణం కాగా, 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద లభించే రాయితీ మరొక కారణం. యంత్రం రైతు చేతికి అందేవరకు ఉన్న శ్రద్ధ దాని నిర్వహణపై కనిపించదు. పని ఒత్తిడి వల్ల అరిగిపోయే యంత్రాల కంటే, పని లేక నెలల తరబడి మూలన పడి మొరాయించే యంత్రాలే మెకానిక్కుల దగ్గరికి ఎక్కువగా చేరుతుంటాయి.

యంత్రంతో వచ్చే కరదీపికలు చాలావరకు శీతల దేశాల వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకొని రాసినవి. శీతాకాలం రాకముందే ఇంధనం తీసివేసి యంత్రాన్ని భద్రపరచమని అవి సూచిస్తాయి. అక్కడ మంచు కురిస్తే గడ్డి పెరుగుదల ఆగిపోతుంది. దక్షిణ రాయలసీమలో ఈ లెక్క చెల్లదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు గరిక, తుంగ, వయ్యారిభామ విజృంభిస్తాయి. బ్రష్ కట్టరుకు ఎక్కువ పని ఉండేది అప్పుడే. సంక్రాంతి దాటి నేల ఆరిన తరువాత, వర్షాధార తోటల్లో తిరిగి వానలు పడేవరకు దానికి పెద్దగా పని ఉండదు. అందువల్ల ఇక్కడ యంత్రాన్ని భద్రపరచవలసిన అదను జనవరి, ఫిబ్రవరి నెలలు. ఆ తరువాత అది ఎదుర్కొనేది మంచును కాదు, 40 డిగ్రీలు దాటే ఎండను.

ఎండ వేడికి పెట్రోలులోని తేలిక భాగాలు ఆవిరై, జిగురు వంటి పదార్థం మిగులుతుంది. కార్బ్యురేటరులోని సన్నని రంధ్రాలు మూసుకుపోవడానికి ఇది చాలు. లోపలి రబ్బరు పొర కూడా గట్టిపడి ఇంధనాన్ని సక్రమంగా అందించలేదు. తాడు ఎంత లాగినా ఇంజిను అందుకోకపోవడానికి తరచుగా ఇదే కారణం.

దీనికి ఇథనాల్ సమస్య తోడైంది. దేశంలో పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్‌ను 10 శాతానికి మించి వాడరాదని పలు చిన్న ఇంజిన్ల కరదీపికలు చెబుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానల కాలంలో మూత వదులుగా ఉండి నీరు ఎక్కువగా చేరితే, నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో ఇది మరింత ప్రమాదకరం. కందెనగా కలిపిన నూనె పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. గొట్టం అడుగు నుండి పీల్చే ద్రవంలో నూనె ఉండదు కాబట్టి పిస్టన్ పట్టేసే అవకాశం ఉంది. కాబట్టి వేసవికే కాదు, రెండు కోతల మధ్య నెల రోజుల విరామం ఉన్నా ట్యాంకు ఖాళీ చేయడం మేలు. తుప్పు పట్టకుండా ట్యాంకును నిండుగా ఉంచాలన్న పాత సలహా ఇనుప ట్యాంకుల నాటిది. నేటి ప్లాస్టిక్ ట్యాంకులకు అది వర్తించదు.

భద్రపరిచే పనిలో వరుస ముఖ్యం. ముందుగా, చల్లారిన యంత్రం నుండి పెట్రోలు వంపేయాలి. నూనె కలపని పెట్రోలును వెంటనే మోటారు సైకిలులో వాడుకోవచ్చు. టూ-స్ట్రోక్ మిశ్రమాన్ని మాత్రం అందులో పోయరాదు. తరువాత ఇంజిన్‌ను నడిపి, కార్బ్యురేటరులో మిగిలిన ఇంధనం అయిపోయి దానంతట అది ఆగేవరకు ఉంచాలి. ఫోర్-స్ట్రోక్ యంత్రమైతే ఆ వేడి తగ్గకముందే పాత ఇంజిన్ ఆయిల్ తీసి కొత్తది పోయాలి. వాడిన ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు, తేమ నెలల తరబడి లోపలి లోహాన్ని తింటాయి. ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కొన్ని చుక్కల ఆయిల్ వేసి, తాడును రెండు మూడుసార్లు నెమ్మదిగా లాగి ప్లగ్ బిగించాలి. ఆపైన తాడు బరువుగా తగిలేవరకు మెల్లగా లాగి అక్కడ వదిలేస్తే కవాటాలు మూసుకొని తేమ లోనికి పోదు.

ఫోమ్ ఎయిర్ ఫిల్టరును సబ్బు నీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. సిలిండరు రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డిని తీసేయాలి. అది ఉంటే ఇంజిన్ వేడెక్కుతుంది. బ్లేడును విప్పి నూనె రాయాలి, గేరు పెట్టెలో గ్రీజు సరిచూడాలి. బ్లేడు జోలికి వెళ్లేముందు స్పార్క్ ప్లగ్ తొడుగు తీయడం మరువరాదు. నైలాన్ తీగ ఎండకు పెళుసుబారుతుంది. వాడే ముందు ఒక రాత్రి నీటిలో నానబెడితే మళ్లీ సాగుతుంది.

యంత్రాన్ని ఎరువుల బస్తాల పక్కన ఉంచడం గ్రామాల్లో మామూలే. ఎరువులు తేమను లాగి లోహానికి తుప్పు తెస్తాయి. రేకుల పాకలో వేడి మరింత ఎక్కువ. గాలి ఆడే నీడ గది, ఎలుకలకు అందకుండా గోడకు ఒక కొక్కెం ఉంటే సరిపోతుంది.

అద్దె యంత్ర కేంద్రాల్లో రెండు రకాల ఇంజిన్లు పక్కపక్కన ఉన్నప్పుడు పొరపాట్లు సహజం. టూ-స్ట్రోక్ యంత్రానికి 50:1 నిష్పత్తి అయితే లీటరుకు 20 మి.లీ., 25:1 అయితే 40 మి.లీ. నూనె కలపాలి. ఫోర్-స్ట్రోక్ పెట్రోలులో నూనె కలపరాదు. మూతలకు వేర్వేరు రంగులు వేస్తే ఖర్చు లేకుండా ఈ తికమక తొలగుతుంది.

ఇదంతా చిన్న విషయంగా తోచవచ్చు. వానలు పడిన వెంటనే యంత్రం అందుకోకపోతే కలుపు విత్తనం కట్టేలోపు కోత సాగదు. అప్పుడు రైతు చూపు కలుపు మందు వైపు మళ్లుతుంది. గ్లైఫోసేట్‌ను చీడపీడల నియంత్రణ నిపుణుల ద్వారా తప్ప వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష విధించింది. మొరాయించిన కార్బ్యురేటరు రైతును ఆ దారికే నెట్టవచ్చు.

గ్రామీణ వ్యవసాయ కార్యానుభవానికి వెళ్లే విద్యార్థులు పంటల క్యాలెండరు పక్కనే యంత్రాల క్యాలెండరునూ గ్రామంలో రాయిస్తే మంచిది. సంక్రాంతి తరువాత భద్రపరచడం, తొలకరికి ముందు వెలికి తీయడం అందులో ఉండాలి. వెలికి తీసినప్పుడు ప్లగ్ శుభ్రపరచి, దాని ఖాళీ 0.6 నుండి 0.7 మి.మీ. ఉందో లేదో చూసి, తాజా పెట్రోలు పోయాలి. మొదటి నిమిషంలో తెల్లటి పొగ వస్తే ఆందోళన అవసరం లేదు. భద్రపరిచేటప్పుడు వేసిన ఆయిల్ చుక్కలు కాలుతున్నాయంతే.