పగలు ఎప్పుడు వేగంగా తరుగుతుంది? వరి పైరుకు సైన్ లెక్క

జూన్‌లో పగలు పెద్దది, డిసెంబరులో చిన్నది అని అందరికీ తెలుసు. మరి పగటి నిడివి అన్నిటికంటే వేగంగా మారేది ఎప్పుడు? ఛత్తీస్‌గఢ్‌లో వరి పండించే రైతుకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది. దీనికి జవాబు త్రికోణమితి ప్రమేయాల అవకలనంలో దొరుకుతుంది.

రాయ్‌పూర్ జిల్లాలోని అభన్‌పూర్ సుమారు 21 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. గాలిలో కాంతి వంగడాన్ని పక్కన పెడితే, అక్కడ అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 17 నిమిషాలు, అతి చిన్నది 10 గంటల 43 నిమిషాలు. అంటే 12 గంటలకు అటూ ఇటూ 77 నిమిషాలు. ఏడాది పొడవునా గ్రాఫు గీస్తే దాదాపు సైన్ వక్రరేఖ వస్తుంది:

పగలు (నిమిషాల్లో) = 720 + 77 × సైన్ (కోణం)

మార్చి 21న కోణం సున్నా. ఏడాదికి ఒక పూర్తి చుట్టు కాబట్టి అది రోజుకు 0.0172 రేడియన్లు పెరుగుతుంది. కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడే సైన్ అవకలజం సరిగ్గా కొసైన్ అవుతుంది. కనుక,

రోజువారీ మార్పు = 77 × 0.0172 × కొసైన్ (కోణం) = 1.3 × కొసైన్ (కోణం)

ఇదే వక్రరేఖ వాలు. వాలు ఎక్కడ గరిష్ఠమో తెలియాలంటే దాన్ని మరోసారి అవకలనం చేసి సున్నాకు సమానం చేయాలి. కొసైన్ అవకలజం మైనస్ సైన్. సైన్ విలువ 0, 180 డిగ్రీల వద్ద సున్నా అవుతుంది. మొదటిది మార్చి విషువత్తు. అప్పుడు పగలు రోజుకు 1.3 నిమిషాలు పెరుగుతుంది. రెండోది సెప్టెంబరు విషువత్తు. అప్పుడు అంతే వేగంతో తరుగుతుంది. జూన్, డిసెంబరు అయనాంతాల్లో కొసైన్ సున్నా కాబట్టి మార్పు దాదాపు ఆగిపోతుంది.

ఇది సరళమైన నమూనా. సూర్యుడి స్థానాన్ని కచ్చితంగా లెక్కిస్తే వేగం రోజుకు సుమారు 1.2 నిమిషాలు. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడంతో సెప్టెంబరు విషువత్తు కూడా ఈ లెక్క చెప్పిన తేదీకి రెండు మూడు రోజుల తర్వాత, 22 లేదా 23న వస్తుంది. లండన్ వంటి ఉత్తరాది నగరంలో ఇదే వేగం దాదాపు 4 నిమిషాలు.

పైరు గడియారం

ఆలస్యంగా కోతకు వచ్చే పాత నాటు వరి రకాల్లో చాలా వాటికి పగటి నిడివే గడియారం. పగలు ఒక హద్దు కంటే తగ్గితేనే మొక్కలో వెన్ను అంకురం ఏర్పడుతుంది. జూన్ అయనాంతం తర్వాత పగలు మొదటి 10 నిమిషాలు తరగడానికి దాదాపు 30 రోజులు పడుతుంది. సెప్టెంబరులో అదే 10 నిమిషాలకు 8 రోజులు చాలు. అందుకే వానలు ఆలస్యమై నాట్లు రెండు వారాలు వెనకబడినా, ఇలాంటి పైరు ముందు నాటిన దానితో దాదాపు కలిసే ఈనుతుంది. ఎదిగే కాలం తగ్గడంతో పిలకలు తగ్గి, దిగుబడి పడిపోవచ్చు. అయితే వానలు వెళ్లి, నీరు తీసే వేళకు పంట కోతకు రావడం ఇలాంటి రకాలతో ఉన్న మేలు.

1966లో విడుదలైన ఐఆర్-8 వంటి రకాలు పగటి నిడివిని పెద్దగా పట్టించుకోవు. వాటిని ఎప్పుడు నాటినా పంటకాలం ఇంచుమించు ఒకటే. రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం 20 వేలకు పైగా వరి నమూనాలను భద్రపరుస్తోంది. వాన రాకడ మారుతున్న రోజుల్లో ఏ రకం ఎప్పుడు ఈనుతుందో తెలియడం రైతుకు విత్తనమంత అవసరం. ఆ అంచనాకు ఆధారం సైన్ వక్రరేఖ వాలే.