పాత కారు, కొత్త పెట్రోలు

దక్షిణ ఢిల్లీలోని మునిర్కాలో, డీడీఏ ఫ్లాట్ల ముందు ఒక ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఉందనుకోండి. 1962-80 మధ్య ఇంగ్లండులో తయారైన, ఇద్దరు కూర్చునే బండి ఇది. 1798 సి.సి. ఇంజను, కార్బురేటర్లు. కంప్యూటరు లేదు కనుక, పానాలు పట్టడం వచ్చినవారు చాలా మరమ్మతులు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఈ సరదాలోని ఆకర్షణ అదే. కానీ పానాలతో పాటు కాస్త రసాయనశాస్త్రమూ కావాలి. ఎందుకంటే కారు మారలేదు, పెట్రోలు మారింది!

సీసం పోయింది

ఒకప్పుడు పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపేవారు. ఇంజనులో ‘నాకింగ్’ రాకుండా చూడడం దాని పని. మండగా మిగిలిన సీసపు సమ్మేళనాలు ఎగ్జాస్టు వాల్వుకూ, అది ఆనుకునే సీటుకూ మధ్య పలుచని పొరగా ఏర్పడి అరుగుదలను ఆపేవి. అయితే సీసం విషం. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. పొర లేకపోతే, వేగంగా నడిపినప్పుడు పోత ఇనుప సీటు అరిగి, వాల్వు లోపలికి దిగిపోతుంది. గట్టి లోహపు సీట్లు బిగించడమే దీనికి మందు.

ఇథనాల్ వచ్చింది

ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. 2022లో 10 శాతం, 2025 నాటికి 20 శాతం. ఇది పాత రకం రబ్బరును ఉబ్బించి, పగిలేలా చేస్తుంది. పైపు కారి, వేడి ఇంజనుపై పెట్రోలు పడితే మంటే! కాబట్టి ఫ్లోరోరబ్బరు పైపులు వేయాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గినట్లవుతుంది. కొత్త కారులో సెన్సారు దీన్ని సరిదిద్దుతుంది. కార్బురేటరును మాత్రం మనమే సరిచేయాలి.

కదలకపోయినా చేటే

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ‘డాట్ 3’ రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. పెడలు తొక్కినా బ్రేకు పడదు! అందుకే రెండేళ్లకోసారి ద్రవం మార్చాలి. ఈ కారుకు వేరే చట్రం లేదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింది పట్టీలు తుప్పుపడితే కారు బలమే పోతుంది.

చట్టం ఏమంటుంది?

15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలు ఢిల్లీలో తిరగరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021 కేంద్ర నిబంధనలు మాత్రం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలను ‘వింటేజ్’గా గుర్తించాయి. వీటిని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. ప్రదర్శనకూ, ర్యాలీకీ, పరిశోధనకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ బయటికి తీయవచ్చు.

మీ ఇంట్లో తాతగారి స్కూటరు ఉందా? రెండు స్ట్రోకుల ఇంజనుకు ఇలాంటి వాల్వులు ఉండవు, కనుక సీసం బెంగ లేదు. కానీ దాని పెట్రోలు పైపును ఈ ఆదివారం ఒకసారి వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్పించండి.