కదిలే ఇల్లు కురవకుండా

1920ల చివర ఒక వేసవిలో డెట్రాయిట్‌కు చెందిన ఆర్థర్ షెర్మన్ సెలవులు గడపడానికి పెళ్ళాం పిల్లలతో మిషిగన్ ఉత్తర ప్రాంతానికి బయల్దేరాడు. ఆయన వృత్తిరీత్యా బ్యాక్టీరియా శాస్త్రవేత్త. ఒక మందుల కంపెనీ కూడా నడిపేవాడు. కారు వెనక కొత్తగా కొన్న మడత డేరా ట్రైలర్ ఉంది. నిమిషాల్లో విప్పి వేసేయొచ్చని అమ్మినవాళ్ళు చెప్పారు. తీరా వాన పట్టుకుంటే అది ఎంతకీ లేవలేదు. లేచేసరికి ఇంటిల్లిపాదీ తడిసి ముద్దయ్యారు. తిరిగొచ్చాక షెర్మన్ డేరా గుడ్డ జోలికి పోకుండా, ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవుతో గట్టి గోడలున్న గది ఒకటి చక్రాల మీద కట్టించుకున్నాడు. దానికి ‘కవర్డ్ వ్యాగన్’ అని పేరు పెట్టింది పిల్లలే. 1930లో డెట్రాయిట్ ఆటో ప్రదర్శనలో దాన్ని నిలబెడితే మాకూ కావాలని జనం ముందుకొచ్చారు. 1936 నాటికి అమెరికాలో ట్రైలర్లు తయారుచేసే సంస్థల్లో అతిపెద్దది షెర్మన్‌దే.

వానకు జడిసి పుట్టిన ఈ బండి ఆనాటి నుంచీ వానతోనే తగవు పడుతోంది. ఇంజనే లేని ట్రావెల్ ట్రైలర్‌లో పాడవడానికేముందని కొత్తవాళ్ళకు అనిపిస్తుంది. కానీ ఇరుసు విరిగి మూలపడేవాటికన్నా కప్పు కురిసి, నేల కుళ్ళి పనికిరాకుండా పోయేవే ఎక్కువ. ఈ యంత్రం ప్రాణం రేకులో లేదు, చట్రంలో లేదు. రెండు వస్తువులు కలిసే ప్రతి అతుకులోనూ ఉంది.

బండిలో కాపురం షెర్మన్‌కు ముందే ఉంది. 1885లో బ్రిటన్‌లో గార్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు, రచయిత, ‘వాండరర్’ అనే 18 అడుగుల గుర్రపు బండిని బ్రిస్టల్‌లో చేయించుకుని కేవలం విహారం కోసం దేశం తిరిగాడు. గుర్రం నడకకు అతుకులు పెద్దగా కదలవు. కారు వెనక తగిలించాక వేగం పెరిగింది, వేగంతోపాటే కుదుపూ పెరిగింది.

షెర్మన్ రోజుల్లోనే వాలీ బయమ్ అనే ఆయన లాస్ ఏంజెలెస్‌లో పత్రికలు నడిపేవాడు. ట్రైలర్‌ను ఇంట్లోనే ఎలా కట్టుకోవచ్చో చెప్పే వ్యాసం ఒకటి అచ్చువేస్తే, ఆ ప్లాను ప్రకారం కడితే కుదరడం లేదని పాఠకులు ఉత్తరాలు రాశారు. తానే పూనుకుని కట్టి చూశాడు, నిజంగానే కుదరలేదు. దాంతో సొంత నమూనా తయారుచేసి, ఆ ప్లాన్లను డాలరు చొప్పున పోస్టులో అమ్మాడు. అతని తొలి మెరుగుదల చిన్నదే: నేలను చక్రాల మధ్యకు దించి, కప్పును పైకి లేపాడు. అప్పటిదాకా వంగి నడిచిన మనిషి ట్రైలర్ లోపల నిటారుగా నిలబడగలిగాడు. 1931లో మొదలైన అతని ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ తొలి బళ్ళు మేసనైట్‌తో చేసినవి. అది చెక్క నారను ఒత్తి చేసిన అట్ట. తేలిగ్గా ఉంటుంది, చవక కూడా, కానీ నీటికి లోకువ.

లోహపు ఒళ్ళు విమానాల నుంచి వచ్చింది. 1927లో పైలట్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ విమాన నిర్మాణాన్ని దగ్గరుండి చూసుకున్న హాలీ బోలస్, 1934లో ‘రోడ్ చీఫ్’ అనే ట్రైలర్ చేశాడు. అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించిన గుండ్రటి డొల్ల అది. తలుపు మాత్రం విచిత్రంగా ముందువైపు, కారుకు తగిలించే కొక్కెం పైన ఉండేది. 1936లో బోలస్ వ్యాపారం మూతపడింది. బయమ్ ఆ నమూనాను అందుకుని, తలుపును పక్కకు మార్చి, అదే ఏడాది 1,200 డాలర్లకు ‘క్లిప్పర్’ను అమ్మకానికి పెట్టాడు. ఇవాళ్టికీ రోడ్ల మీద మెరుస్తూ కనిపించే వెండి ట్రైలర్లన్నీ దాని సంతానమే.

అల్యూమినియం కుళ్ళదు. అయితే వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మీటరు పొడవున్న అల్యూమినియం ఒక్క డిగ్రీ సెల్సియస్ తేడాకు 0.023 మిల్లీమీటర్లు మారుతుంది. ఏడు మీటర్ల ట్రైలర్ మీద నలభై డిగ్రీల తేడా పడితే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు కదలిక. కింద ఉన్న ఉక్కు చట్రం అందులో సగమే కదులుతుంది. అంటే ఎండ ఎక్కిన ప్రతి పగలూ, చలి దిగిన ప్రతి రాత్రీ ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. వాటి మధ్య పెట్టిన లప్పం ఎండి గట్టిపడేదైతే పగలక తప్పదు. అందుకే ట్రైలర్‌కు వాడే సీలెంటుకు అంటుకునే గుణం ఒక్కటే చాలదు, ఏళ్ళ తరబడి సాగే గుణమూ ఉండాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సామాన్యుడి ట్రైలర్ వేరే దారి పట్టింది. చెక్క చట్రం, దాని మీద పలుచటి అల్యూమినియం రేకు, మూలల్లో పొడవాటి లోహపు పట్టీ, పట్టీ కింద లప్పం టేపు, పైన వరుసగా స్క్రూలు. ఖర్చు తక్కువ, తయారీ తేలిక. కానీ ప్రతి స్క్రూ ఒక చిల్లు. పదీ పదిహేనేళ్ళకు టేపు ఎండి పెళుసెక్కుతుంది, స్క్రూలకు తుప్పు పడుతుంది. బయటి రేకు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, లోపలి చెక్క మాత్రం పిండి అవుతూ ఉంటుంది.

నీరు కిందికే పోతుందని మనకు తెలుసు. ఇరుకు సందు దొరికితే కేశనాళికత్వం వల్ల అది పైకీ పక్కకూ కూడా పాకుతుంది. దీనికి గాలి తోడవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ట్రైలర్ ముఖం మీద గాలి ఒత్తిడి సుమారు 375 పాస్కల్స్. ఆ ఒత్తిడి నీటిని దాదాపు నాలుగు సెంటీమీటర్లు పైకి తోయగలదు. ఇంటి ముందు నిలబెట్టినప్పుడు గట్టి వానకూ కురవని కిటికీ, హైవే మీద చిరుజల్లుకే కారడానికి కారణం ఇదే. పైగా తడి మరక కనిపించిన చోటే నీరు దిగిందనుకోకూడదు. కప్పు మీద ముందు భాగంలో దిగిన చుక్క లోపలి పక్కటెముక వెంట జారి, వెనక మంచం మూల బయటపడవచ్చు.

పైనుంచి రాని నీరు కూడా ఒకటుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోలకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది కనుక ఇది తప్పనిది. దానికి మనుషుల ఊపిరి, అన్నం ఉడికిన ఆవిరి, కుక్కరు ఈలలు తోడు. లోపల 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే, 12 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం మీదైనా మంచు చెమర్చినట్టు నీరు పడుతుంది. చలిరాత్రి అల్యూమినియం కిటికీ చట్రం ఇంతకన్నా చల్లగా ఉంటుంది. పొద్దున్నే పరుపు అడుగు తడిగా ఉంటే కప్పు కురిసిందని నిచ్చెన ఎక్కేముందు, రాత్రి వాన పడిందో లేదో గుర్తుచేసుకోవాలి. పడకపోతే మందు సీలెంటు కాదు. వంట చేసేటప్పుడు కప్పు ఫ్యాను వేయడం, పడుకునేటప్పుడు ఒక కిటికీ కొంచెం తెరవడం.

ఏ దారిన వచ్చినా నీరు చివరకు చేరేది నేలకే. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్ళబెట్టే శిలీంధ్రాలు పెరగలేవు. 30 శాతం దగ్గరికి చేరితే వాటికి పండగే. రెండు సూదులున్న తేమ మీటరు గుచ్చి ఈ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పాత ఎయిర్‌స్ట్రీమ్‌లలో ఈ కుళ్ళు మరీ ప్రమాదం. వాటిలో ప్లైవుడ్ నేల నడవడానికే కాదు, పైనున్న డొల్లకూ కిందున్న చట్రానికీ మధ్య ఇమిడి రెండింటినీ పట్టి ఉంచుతుంది. వెనక బంపర్ దగ్గర రేకు సందులోంచి నీరు ప్లైవుడ్ అంచుకు ఎక్కి, ఆ పట్టు వదులైతే డొల్ల చట్రం నుంచి విడిపోతుంది. దీన్ని కనిపెట్టే పరీక్షకు పనిముట్లే అక్కర్లేదు. వెనక బంపర్ ఎక్కి ఊగాలి. బంపర్ మాత్రమే కదిలి, పైనున్న ఒళ్ళు కదలకపోతే లోపల చెక్క పోయినట్టే. అప్పుడు కుళ్ళిన ముక్కను గట్టి చెక్క తగిలేదాకా కోసేసి, అంచులకు ఎపాక్సీ పూసిన కొత్త ప్లైవుడ్‌ను బోల్టులతో బిగించాలి. నీరు వచ్చిన దారి మూయకుండా నేల మారిస్తే, కొన్నేళ్ళకు మళ్ళీ రంపం పట్టుకోవాల్సిందే.

దారి మూయడంలో సగం పని పాతది ఊడదీయడం. పగిలిన సీలెంటు మీదే కొత్తది రాస్తే అది దుమ్మును అంటిపెట్టుకుంటుంది, రేకును కాదు. మూల పట్టీ స్క్రూలు తీసి, పట్టీని విడదీసి, ప్లాస్టిక్ గరిటెతో పాత లప్పం గీకి, స్పిరిట్‌తో తుడవాలి. పట్టీ కింద బ్యూటైల్ టేపు పరిచి, తుప్పు పట్టని స్క్రూలతో సమంగా బిగించాలి. పక్కలకు పొంగిన టేపును కోసేయాలి. రేకుల మధ్య కీళ్ళకు పాలియురిథేన్ సీలెంటు నప్పుతుంది. రబ్బరు కప్పు మీద గాలి గొట్టాల చుట్టూ దానంతటదే పరుచుకునే సీలెంటు పోస్తారు. ఆ కప్పును కడగడానికి సబ్బునీళ్ళు చాలు, పెట్రోలియం ద్రావకాలు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. కిరాణా కొట్టులో కూడా దొరికే మామూలు సిలికాన్‌ను అనుభవమున్నవాళ్ళు దగ్గరికి రానివ్వరు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం విడిచే ఆమ్లం లోహానికి మంచిది కాదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి: అది ఊడినా పలుచని పొర మిగుల్చుతుంది, ఆ పొర మీద ఇంకే సీలెంటూ నిలవదు.

మరి ఎంత జాగ్రత్తగా చేసినా అన్ని సందులూ మూసుకుంటాయా? 1969లో నాసాకు ఇదే ప్రశ్న ఎదురైంది. చంద్రుడి మీంచి తెలియని సూక్ష్మజీవులేమైనా వస్తాయేమోనని, తిరిగొచ్చిన ముగ్గురు అపోలో 11 వ్యోమగాములను హార్నెట్ నౌక మీద ఒక గదిలో ఉంచారు. అది మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్. కిటికీలోంచి వాళ్ళు అధ్యక్షుడు నిక్సన్‌తో మాట్లాడుతున్న ఫొటో లోకమంతా చూసింది. ఇంజనీర్లు ఆ గదికి చిల్లే ఉండదని నమ్ముకోలేదు. లోపలి గాలి ఒత్తిడిని బయటికన్నా తగ్గించారు. ఎక్కడైనా సందు ఉంటే బయటి గాలి లోపలికి వస్తుందే తప్ప లోపలిది బయటికి పోదు. లీకును పూర్తిగా ఆపలేనప్పుడు అది ఎటు పోవాలో తామే నిర్ణయించారు.

ట్రైలర్ యజమానులు చేసే పరీక్ష దీనికి సరిగ్గా తిరగేసినది. కిటికీలూ గాలి రంధ్రాలూ మూసి, కప్పు ఫ్యాను ఉన్న చోట బ్లోవర్ బిగించి లోపలికి గాలి కొడతారు. బయట అతుకుల మీద సబ్బునీళ్ళు చిలకరిస్తారు. బుడగలు లేచిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటారు. వాన కోసం కాచుకుని, మరక కోసం వెతికే పని ఉండదు.

దిశను నిర్ణయించే ఈ తెలివి మంచి ట్రైలర్ తయారీలోనే ఉంటుంది. పెంకుటింటి పెంకుల్లా పై రేకు కింది రేకు మీద ఎక్కి ఉంటుంది, కాబట్టి సీలెంటు పోయినా చాలావరకు నీరు బయటికే జారుతుంది. కిటికీ చట్రం అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. గాడిలో చేరిన నీరు పోవడానికి తయారీదారు కావాలనే పెట్టినవి అవి. ఉత్సాహం ఎక్కువైన కొత్తవాళ్ళు వాటినీ లీకులే అనుకుని మూసేస్తారు. అప్పుడు గాడి నిండి, నీరు లోపలి గోడలోకి పొంగుతుంది. అతుకు పై అంచునూ పక్కలనూ మూయాలి, కింది అంచున దారి వదలాలి. ఇంటి పట్టున మరమ్మతు చేసుకునేవాళ్ళు నేర్చుకోవలసిన మొదటి సూత్రం ఇదే.

గొట్టాల్లోని నీటికీ ఈ సూత్రమే. నీరు గడ్డకడితే పరిమాణం తొమ్మిది శాతం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి గొట్టమో పంపో పగలాల్సిందే. అందుకే చలి ముదరకముందే ట్యాంకులు ఖాళీ చేసి, వాటర్ హీటర్‌లోకి వెళ్ళే దారి మూసి, గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని పంపుతో ప్రతి కుళాయిలోనూ రంగు కనబడేదాకా నడిపిస్తారు. సింకు కింది వంపులోనూ కొంచెం పోస్తారు. కార్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తాగునీటి గొట్టాల్లోకి అది రాకూడదు. ఇక చక్రాల లెక్క సులువు. బేరింగులకు ఏడాదికోసారి, లేదా సుమారు 19 వేల కిలోమీటర్లకోసారి గ్రీజు మార్చాలి. టైర్లను అరుగుదలను బట్టి కాక వయసును బట్టి మార్చాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి.

అతుకుల బెడద తగ్గాలంటే అతుకులనే తగ్గించాలన్న ఆలోచన 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రూపు దిద్దుకుంది. ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకు చేసిన అనుభవమున్న రే ఒలెకో, ట్రైలర్‌ను కూడా రెండే అచ్చుల్లో పోశాడు. పై డొల్ల, కింది డొల్ల, నడుం చుట్టూ ఒకే అతుకు. అతని ‘బోలర్’ ట్రైలర్లు ఇప్పటికీ రోడ్డు మీద తిరుగుతున్నాయి. అయినా వాటికీ కిటికీలున్నాయి, కప్పు మీద గాలి రంధ్రం ఉంది, అవి మాత్రం కారుతూనే ఉంటాయి.

కాబట్టి అమెరికాలోనో కెనడాలోనో పాత ట్రైలర్ కొనబోయే మనవాళ్ళు లోపలి సోఫాలూ టీవీ చూడకముందే నిచ్చెన అడగాలి. కప్పు ఎక్కి చిల్లులు లెక్కపెట్టాలి. ఏసీ, ఫ్యాను, యాంటెనా, సోలార్ పలక, ప్రతి సౌకర్యానికీ అక్కడ ఒక చిల్లు ఉంటుంది. ప్రతి చిల్లుకూ ఒక అంచు, ప్రతి అంచుకూ ఏడాదికి రెండుసార్లు తడిమి చూసే చెయ్యి కావాలి. ఆ ఓపిక ఉన్నన్ని చిల్లులే పెట్టుకుంటే మంచిది. అంతకుమించిన సౌకర్యం నేల చెక్కకు చేటు.